పాఠానికి వాక్యం అతికించడం మానేశాక: విశ్వాసాన్నీ చదువునూ కలిపి బోధించడానికి ఒక మార్గదర్శి

నేను లెక్కల మాస్టారిని. మొదట పనిచేసిన క్రైస్తవ పాఠశాలలో లెసన్ ప్లాన్ కాగితం అడుగున ‘వాక్యం’ అని, అంటే బైబిలు వచనం రాయడానికి, ఒక గడి ఉండేది. ఏ పాఠమైనా సరే, ఆ గడి ఖాళీగా వదలకూడదు. భిన్నాలకు అయిదు రొట్టెలు, రెండు చేపలు రాశాను. కోణాలకు ‘ఇరుకు ద్వారం’ రాశాను. రుణ సంఖ్యలకు ‘మా ఋణములు క్షమించుము’ అని రాసిన రోజు నాకే నవ్వొచ్చింది. పిల్లలైతే నాకన్నా ముందే కనిపెట్టేశారు. నేను వాక్యం చదవడం మొదలుపెట్టగానే పుస్తకాలు సంచిలో సర్దుకునేవారు, పీరియడ్ అయిపోయిందని గుర్తు.

ఒకరోజు వృత్తాల పాఠంలో ‘పై’ విలువ 3.14 అని చెబుతుంటే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు బహుమతులు తెచ్చుకునే పిల్ల. “సార్, మొదటి రాజుల గ్రంథం 7వ అధ్యాయంలో సొలొమోను దేవాలయం కోసం చేయించిన పోత సముద్రం, అదే ఆ పెద్ద గుండ్రటి నీటి తొట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకు 10 మూరలు, చుట్టూ 30 మూరలు అని ఉంది. 31 దాటాలి కదా?” అంది. “అలాంటివి మీ పాస్టర్ గారిని అడుగమ్మా” అనేసి బోర్డు వైపు తిరిగాను.

ఏడాది పొడవునా గడులు నింపినవాణ్ణి. విశ్వాసమూ లెక్కా నిజంగా ఎదురుపడింది ఆ ఒక్క నిమిషంలోనే, అప్పుడే నోరు పెగల్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పడుతూ లేస్తూ నేర్చుకున్న పద్ధతిని కింద అడుగులుగా పెట్టాను. బడిలో చెప్పేవారికే కాదు, ఇంట్లో పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుంది.

మొదటి అడుగు: మీ మనసులో లెక్క తేల్చుకోండి

తరగతికి వెళ్లేముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. నేను చెప్పే సబ్జెక్టు దేవునిదా, లేక దేవుని పక్కన ఊరికే పెట్టుకున్నదా?

ఈ గొడవ పాతదే. క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత ఏథెన్సుకూ యెరూషలేముకూ పొత్తేమిటని నిలదీశాడు. అన్యుల తత్వశాస్త్రం మనకెందుకని ఆయన గోడు. రెండు వందల ఏళ్ల తర్వాత అగస్టీను అనే బిషప్ ఇంకో దారి చూపించాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయలుదేరేటప్పుడు ఐగుప్తీయుల వెండి బంగారాలు తెచ్చుకున్నట్టే, అన్యుల విద్యల్లో ఉన్న సత్యాన్ని క్రైస్తవులు తెచ్చుకుని దేవుని పనికి వాడుకోవచ్చన్నాడు. పోలిక నాకు ఇష్టమే. కానీ నిర్గమకాండం ఇంకాస్త ముందుకు చదవండి: ప్రజల దగ్గరున్న బంగారంలోంచే దేవుని ఆరాధనకు వేసిన ప్రత్యక్ష గుడారపు సామగ్రీ వచ్చింది, విగ్రహంగా చేసుకుని మొక్కిన పోత దూడా వచ్చింది. తెచ్చుకోవడంతో పని అయిపోదు, దాంతో ఏం చేస్తున్నామో చూసుకోవాలి.

బైబిల్లో నాకు బాగా పనికొచ్చిన విద్యార్థి దానియేలు. బబులోనులో మూడేళ్లపాటు కల్దీయుల భాషా, వారి గ్రంథాలూ చదవమన్నారు. చదివాడు, ఆ విద్యలో రాజు మెచ్చేంత ముందుకూ వెళ్లాడు. ఆయన కాదన్నది రాజు భోజనాన్ని. సిలబస్‌ను కాదు, కంచాన్ని! పౌలు కూడా ఏథెన్సులో మాట్లాడుతూ ‘మనమాయన సంతానము’ అన్న మాటను గ్రీకు కవి అరాటస్ నుంచే తీసుకున్నాడు. అన్యుల కవిత్వం చదవకుండా ఆ మాట నోటికి రాదు.

ఈ లెక్క తేల్చుకోని టీచర్ మామూలుగా మూడు దారుల్లో ఒకటి పడతాడు. ఒకటి నా దారి, అతికింపు: పాఠం వేరు, దాని తోకకు కట్టిన వాక్యం వేరు. రెండోది గోడ: ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, ఆ తర్వాత సాయంత్రం దాకా దేవుడి ఊసే ఉండదు. మూడోది కాపలా: పాఠ్యపుస్తకంలో తప్పులు వెతికి పట్టుకోవడమే విశ్వాసమనుకోవడం. మూడింటిలోనూ అతికింపే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే చూడటానికి అదే భక్తిగా కనిపిస్తుంది. దేవుని మాట అలంకారానికే పనికొస్తుందని పిల్లలకు రోజూ నేర్పుతుంది.

రెండో అడుగు: ఒక్క యూనిట్ ఎంచుకోండి

సిలబస్ మొత్తాన్ని ఒకేసారి ‘క్రైస్తవం’ చేయబోకండి. టర్ముకు ఒక యూనిట్ చాలు. ఎక్కాల మీద వేదాంతం అక్కర్లేదు. ఏడో ఎక్కం వచ్చిందా లేదా, అంతే. దాన్ని ఓపిగ్గా, పిల్లలను చులకన చేయకుండా నేర్పడమే అక్కడ మీ విశ్వాసం చేసే పని.

మనిషి, డబ్బు, సత్యం, న్యాయం, ప్రకృతి, మరణం, వీటిలో ఏదో ఒకటి తగిలే యూనిట్ ఎంచుకుంటే పని తేలిక. లెక్కల్లో వడ్డీ, సంభావ్యత, గణాంకాలు. సైన్సులో వంశపారంపర్యం, ఖగోళం, పర్యావరణం. చరిత్రలో దాదాపు ఏదైనా సరే.

ఎంచుకున్నాక ముందు చేయాల్సింది ఆ యూనిట్‌ను మీరు బాగా చదవడం. బైబిలు తెరవడానికి ముందు సబ్జెక్టు పుస్తకాలు తెరవండి. ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు. కానీ పాఠం పైపైన తెలిసిన టీచర్‌కు దొరికే సంబంధమూ పైపైదే. నా ‘ఇరుకు ద్వారం’ అలా పుట్టిందే. ‘సంగతి మరుగుచేయుట దేవునికి ఘనత, సంగతి శోధించుట రాజులకు ఘనత’ అని సామెతలు 25:2 అంటుంది. శోధించాలి, తప్పదు.

మూడో అడుగు: నాలుగు ప్రశ్నలు వేసి చూడండి

క్రైస్తవ విద్య గురించి ఆలోచించేవాళ్లు సృష్టి, పతనం, విమోచన, పునరుద్ధరణ అనే వరుస వాడుతుంటారు. ఆ మాటల్ని తరగతి గదిలోకి నేరుగా తేవద్దు. మీ నోటుపుస్తకంలో ఈ రూపంలో రాసుకోండి:

ఈ పాఠంలో చూసి అబ్బురపడాల్సింది ఏముంది?
మనుషులు దీన్ని ఎక్కడ వంకర చేశారు, ఎవరికి దెబ్బ తగిలింది?
ఆ వంకరను సరిచేయడం ఎలా ఉంటుంది, ఎవరైనా చేశారా?
ఇది నేర్చుకున్న పిల్ల దీంతో రేపు ఏం చేయగలదు?

నాలుగింటికీ జవాబు దొరికి తీరాలని లేదు. ఒక్కదానికి దొరికినా దాని మీదే నిలబడండి. దేనికీ దొరకలేదా, పాఠం పాఠంలా చెప్పి బయటికి రండి. ఎవరికీ అన్యాయం జరగదు.

నాలుగో అడుగు: పాఠం లోపలే ప్రశ్న పుట్టనివ్వండి

ఎలాగో చక్రవడ్డీ పాఠంతో చూపిస్తాను. ఇది నేను చాలాసార్లు చెప్పి, చెడగొట్టుకుని, దిద్దుకున్న పాఠం.

బోర్డు మీద ఇంతే రాస్తాను: అప్పు 1,000. నెలకు నూటికి పది వడ్డీ, ఏ నెలకానెల అసలులో కలుస్తుంది. ఏడాదికి ఎంత అవుతుంది? లెక్క కట్టకముందు అందరూ ఒక అంకె ఊహించి కాగితం మీద రాయాలి. ఎక్కువమంది 2,200 రాస్తారు. నెలకు 100 చొప్పున 12 నెలలకు 1,200, దానికి అసలు కలిపి.

తర్వాత నెలనెలా కడతాం. 1,100. 1,210. 1,331. నాలుగో నెల 1,464. ఎనిమిదో నెల వచ్చేసరికి 2,144. అప్పు రెట్టింపు దాటిపోయింది. అక్కడ ఎవరో ఒకరు పెన్సిల్ కింద పెడతారు. పన్నెండో నెల 3,138. ఊహకూ లెక్కకూ మధ్య తేడా 938. “ఈ 938 ఎక్కడి నుంచి వచ్చింది?” అని అడుగుతాను. అప్పు తీసుకున్న మనిషి ఏమీ కొనలేదు, ఏమీ ఖర్చు పెట్టలేదు. వడ్డీకి వడ్డీ. సూత్రం అక్కడ రాస్తాను, అంతకుముందు కాదు.

ఇప్పుడే అసలు ప్రశ్న పుడుతుంది, చాలాసార్లు వాళ్ల నోటే: “ఇది అన్యాయం కదా సార్?” అప్పుడు బైబిలు తెరుస్తాం, ఒక్కచోట కాదు, మూడుచోట్ల. నిర్గమకాండం 22:25, బీదవాడికి అప్పిస్తే వడ్డీవ్యాపారిలా ప్రవర్తించవద్దంటుంది. నెహెమ్యా 5లో జనం పొలాలు కుదువపెట్టి, పిల్లలను దాసులుగా అప్పగించుకుని గోలపెడితే, నెహెమ్యా పెద్దలను నిలబెట్టి పొలాలతోపాటు సొమ్ములో నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇప్పిస్తాడు. దాన్ని నెలకు నూటికొకటి వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చేసుకున్నారు. మూడోది మత్తయి 25:27. ఉపమానంలో యజమాని, నా సొమ్ము సాహుకారుల దగ్గర వేసి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ణి కదా అంటాడు.

మూడూ ఒకే మాట చెబుతున్నాయా? చెప్పడం లేదు, కనీసం పైకి. తరగతి రెండుగా చీలుతుంది. ఒకడు వడ్డీయే పాపం అంటాడు. ఇంకొకామె, వడ్డీ లేకపోతే ఎవరిస్తారు, అప్పు పుట్టని బీదవాడి గతేమిటి అంటుంది. నేను తీర్పు చెప్పను. “నెహెమ్యా మాట వడ్డీతో కట్టండి” అంటాను. నెలకు నూటికొకటి చొప్పున ఏడాదికి 1,127. రెండు గీతల్నీ ఒకే గ్రాఫు మీద గీయడం ఇంటిపని. ఒకటి దాదాపు తిన్నగా పోతుంది, ఇంకొకటి గోడెక్కుతుంది. నెహెమ్యా కోపగించుకున్నది ఆ తిన్నని గీత మీద అని తెలిసినప్పుడు ఒక కుర్రాడు, “మరి ఈ రెండోది చూసుంటేనో?” అన్నాడు.

ఇక్కడ వాక్యాన్ని తీసేసి చూడండి. పాఠం కుంటుపడుతుంది. లెక్కను తీసేసి చూడండి. వాక్యం ఎంత బరువైనదో తెలియదు. నేను వాడే పరీక్ష ఇదే: రెండింటిలో దేన్ని తీసేసినా రెండోది చెక్కుచెదరకపోతే, అది అతికింపు.

అయిదో అడుగు: సైన్సులో భక్తుల జాబితా చదవకండి

సైన్సు టీచర్లు ఎక్కువగా చేసేది ఇదే. కెప్లర్ భక్తిపరుడు, మెండెల్ సన్యాసి, బిగ్ బ్యాంగ్ ఆలోచన ఒక ఫాదర్‌ది, కాబట్టి సైన్సుకూ విశ్వాసానికీ తగాదా లేదు. పేర్లన్నీ నిజమే. కానీ పేర్ల జాబితా ఎవరినీ ఏమీ ఆలోచింపజేయదు. అవిశ్వాసులైన శాస్త్రవేత్తల జాబితా అవతలివాళ్ల దగ్గరా ఉంటుంది. వాళ్ల పనిలోకి దిగండి.

ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ పాస్టర్ అవుదామని వేదాంతం చదివినవాడు. అంగారకుడి కక్ష్య వృత్తమేనన్న నమ్మకంతో ఏళ్ల తరబడి లెక్కలు కట్టాడు. చివరికి టైకో బ్రాహీ కొలతలకూ తన లెక్కకూ 8 ఆర్క్ నిమిషాల తేడా మిగిలింది (ఒక ఆర్క్ నిమిషం డిగ్రీలో అరవయ్యో వంతు). ఆకాశంలో చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. ఎవరైనా సర్దుకుపోయేవారు. ఆయన సర్దుకోలేదు. టైకో లాంటి పరిశీలకుణ్ణి దేవుడే ఇచ్చాడు, ఆ వరాన్ని కాదనకూడదనుకున్నాడు. కట్టిన లెక్కంతా పక్కన పడేశాడు, 1609లో అచ్చయిన పుస్తకంలో అంగారకుడి కక్ష్య దీర్ఘవృత్తమని చూపించాడు. ఆయన విశ్వాసం ఆ 8 నిమిషాలను దాచనివ్వకపోవడంలో ఉంది.

దీన్ని పిల్లల బల్ల మీదికి తేవడానికి మెండెల్ బఠాణీలు బాగుంటాయి. 1866లో అచ్చయిన ఆయన వ్యాసంలో రెండో తరం గింజల లెక్క ఇలా ఉంది: గుండ్రనివి 5,474, ముడుతలు పడ్డవి 1,850. భాగించమనండి. 2.96 వస్తుంది. “పుస్తకంలో 3:1 అని ఉంది కదా, ఆయన 3 అనే రాసేసి ఉండొచ్చుగా?” అని అడగండి. తర్వాత ఇంకో ప్రశ్న, కాస్త మెల్లగా: “మీ ప్రయోగం పుస్తకంలో రీడింగులు ఎలా వచ్చాయి?” నవ్వులు మొదలవుతాయి. రావాల్సిన జవాబు ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనక్కి రాసుకోవడం అందరికీ తెలిసిన విద్యే. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ప్రయోగశాలలో ఎలా ఉంటుందో అక్కడ మాట్లాడండి. కథ అక్కడితో ఆపకండి. 1936లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త మెండెల్ అంకెలు మొత్తం మీద చూస్తే అనుమానం వచ్చేంత చక్కగా కుదిరాయని వాదించాడు. దాని మీద వాదోపవాదాలు చాలా కాలం నడిచాయి. ‘మన’ సన్యాసి కదా అని ఈ సంగతి దాచేస్తే, అంతవరకు చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక సృష్టి ఎలా జరిగిందన్న ప్రశ్న. ఈ విషయంలో నిజాయితీగల క్రైస్తవుల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. మీ అభిప్రాయం మీకుండొచ్చు. మీ సంఘం లేదా పాఠశాల ఒకదాన్ని పట్టుకుని ఉంటే అది చెప్పండి. కానీ మిగతావాళ్లు ఏమంటారో, ఎందుకంటారో వాళ్లే వింటే ఒప్పుకునేలా చెప్పండి. శాస్త్రవేత్తలు ఏ ఆధారాలు చూపిస్తున్నారో పూర్తిగా నేర్పండి. సగం నేర్పి పంపితే, మిగతా సగం ఇంకెవరి దగ్గరో విన్న రోజు ఆ పిల్ల మీ మాటలన్నింటినీ అనుమానిస్తుంది.

ఇక్కడ లెమెత్ర్‌ను గుర్తు చేసుకోవాలి. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అదంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో చెప్పిన బెల్జియం ఫాదర్ ఆయన. 1951లో పోపు 12వ పయస్ ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యం పలుకుతోందన్నట్టు మాట్లాడారు. సంబరపడాల్సిన మనిషి లెమెత్ర్. పడలేదు, నొచ్చుకున్నాడు. సిద్ధాంతం సిద్ధాంతమే, రేపు మారొచ్చు. దానికి విశ్వాసాన్ని కట్టేయకూడదని ఆయన భయం. తొందరపడి ‘చూశారా, సైన్సు కూడా ఒప్పుకుంది’ అనబోయే ప్రతిసారీ ఈయన నాకు అడ్డొస్తాడు.

ఆరో అడుగు: చరిత్రలో మనవాళ్ల తప్పులు దాచకండి

గెలీలియోకు 1633లో శిక్ష వేసింది చర్చి న్యాయస్థానమే. 1992లో పోపు రెండో జాన్ పాల్ ఆ పొరపాటును బహిరంగంగా ఒప్పుకున్నారు. రెండు తేదీలూ చెప్పండి.

ఇంతకన్నా లోతైన పాఠం 1807 అనే ఒక్క ఏడాదిలో ఉంది. ఆ ఏడాది బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడినవారిలో పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్, ఆయన వెనక ఎందరో విశ్వాసులు ఉన్నారు. అదే 1807లో లండన్‌లో బానిసల కోసమని కోత పెట్టిన ఒక బైబిలు అచ్చయింది. అందులో పాత నిబంధన చాలామటుకు లేదు. యోసేపు బానిసగా అమ్ముడుపోయిన కథ ఉంచారు; ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ కథ తీసేశారు. దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీయులకు 3:28 కూడా పోయింది.

పిల్లలకు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి, “కోత పెట్టినవాళ్లు దేనికి భయపడ్డారు?” అని అడగండి, చాలు. ఏ భాగం తీసేశారో చూస్తే ఆ భాగానికి ఎంత శక్తి ఉందో వాళ్లకే తడుతుంది. బైబిలు గురించి నేను చేసిన ఏ ప్రసంగమూ అంత పని చేయలేదు.

సాహిత్యానికి వేరే అడుగు పెట్టడం లేదు, ఒక్క మాట చాలు: కథలో ప్రతి త్యాగీ క్రీస్తుకు గుర్తు కాడు. ముందు ఆ కథను ఆ కథగా చదవనివ్వండి.

ఏడో అడుగు: అడ్డం వచ్చే ప్రశ్నకు తలుపు తెరవండి

ఆ పోత సముద్రం దగ్గరికి వస్తాను. ఇప్పుడైతే ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతికిచ్చేవాణ్ణి.

“10 మూరలు అంటే సరిగ్గా 10యేనా? మూరతో కొలిచేటప్పుడు ఎంతవరకు కచ్చితంగా కొలవగలం?” అక్కడి నుంచి మొదలు. అడ్డుకొలత నిజానికి 9.6 మూరలు అనుకుందాం. దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరిస్తే 10. చుట్టుకొలత 9.6 ఇంటూ 3.14, అంటే 30.1. సవరిస్తే 30. రెండూ నిజమైన కొలతలే, రెండూ కలిసి నిలబడతాయి. 9.5 నుంచి 9.7 దాకా ఏ విలువ తీసుకున్నా ఇలాగే వస్తుంది, వాళ్లనే కట్టి చూడమనండి. సవరణ దోషం అనే పాఠానికి ఇంతకన్నా మంచి లెక్క ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇంకో వివరణా ఉంది. 26వ వచనం ఆ పాత్ర బెత్తెడు మందం అంటుంది. అడ్డుకొలత బయటి అంచుది, చుట్టుకొలత లోపలిది అని కొందరంటారు. మూరకు ఆరు బెత్తెలు అనుకుంటే లోపలి అడ్డం 9.67 మూరలు, చుట్టూ 30.4. లెక్క కుదురుతుంది. కానీ లోపలి చుట్టుకొలత ఎవరైనా ఎందుకు కొలుస్తారు? నాకు ఇది కాస్త సాగదీసినట్టు ఉంటుంది, పిల్లలతోనూ అదే అంటాను. ఒప్పుకోనివాళ్లు వాదిస్తారు, వాదించాలి.

ఈ పావుగంటలో రెండు పనులు జరుగుతాయి. కొలత అంటే ఏమిటో తెలుస్తుంది. రాజుల గ్రంథం రాసినాయన పోత పనివాడికి నమూనా గీసివ్వడం లేదనీ, చూసేవాడికి ఆ పాత్ర ఎంత పెద్దదో చెబుతున్నాడనీ, అంటే ఒక గ్రంథాన్ని దేనికోసం రాశారో ఆ దృష్టితో చదవాలనీ తెలుస్తుంది.

అన్ని ప్రశ్నలకూ ఇలా జవాబు చేతిలో ఉండదు. ‘నాకు తెలియదు, వచ్చే వారం కలిసి చూద్దాం’ అనండి. అంటే, వచ్చే వారం తప్పకుండా చూడాలి. బోర్డు మూలలో రాసిపెట్టుకుంటే మీరు మరిచిపోయినా పిల్లలు మరిచిపోరు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ ఉన్నాడని లూకా రాశాడు. ప్రశ్న అడిగిన పిల్లను అనుమానంగా చూసే క్రైస్తవ బడి ఆ రోజు ఆయన్నూ బయటికి పంపి ఉండేదే.

ఎనిమిదో అడుగు: మార్కుల దగ్గర జాగ్రత్త

విశ్వాసానికి మార్కులు వేయకండి. వడ్డీ పాఠంలో వ్యాసం రాయిస్తే, వాదన బాగుందా, లెక్క సరిగ్గా ఉందా, వచనాలను సందర్భంలో చదివారా అన్నదానికే మార్కులు. మీతో ఏకీభవించని పిల్లకు పూర్తి మార్కులు వేసిన సందర్భం ఒక్కటైనా మీకు గుర్తుండాలి.

తరగతిలో ఇతర మతాల పిల్లలు, ఏ మతమూ లేని ఇళ్ల పిల్లలు ఉంటారు. ‘మనం నమ్ముతాం’ అనే చోట ‘క్రైస్తవులు ఇలా నమ్ముతారు, నేనూ నమ్ముతాను’ అనండి. చిన్న మార్పే, కానీ ఆ పిల్ల కుర్చీ కింద నేల అలాగే ఉంటుంది. ప్రార్థనలో చేరమని ఒత్తిడి చేయడం, ఆటస్థలంలో చాటుగా వాళ్ల నమ్మకం గురించి అడగడం, వీటి జోలికి పోవద్దు. మతబోధ గురించి మీ చోట చట్టం ఏమంటుందో కూడా ముందే కనుక్కోండి.

దీనికన్నా పెద్ద సంగతి ఒకటుంది. ప్రతి మనిషీ దేవుని స్వరూపంలో ఉన్నాడని ఉదయం చెప్పి, మధ్యాహ్నం మార్కుల వరుసలో జవాబు పత్రాలు పంచి, చివరి కాగితాన్ని అందరి ముందూ ఎత్తి చూపిస్తే పిల్లలు ఏది నమ్ముతారు? నేను చాలా ఏళ్లు అలాగే పంచాను. ఇప్పుడు కాగితాలను బోర్లా పెట్టి, ఎవరిది వాళ్లకు ఇస్తాను. దానికి ఏ వచనమూ చెప్పను.

తొమ్మిదో అడుగు: ఒంటరిగా చేయకండి

ఇది చిన్న అడుగు. ఇంకో సబ్జెక్టు టీచర్‌ను ఒకరిని పట్టుకోండి. నెలకోసారి ఒకరి తరగతిలో ఒకరు వెనక బెంచీలో కూర్చోండి. చూసేవాళ్లు ఒకే ఒక్క సంగతి రాయాలి: పిల్లలు ఎప్పుడు ముందుకు వంగారు, ఎప్పుడు సంచులు సర్దారు. వీలైతే చరిత్ర, సైన్సు, లెక్కలు ఒకే టర్ములో ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేలా చూసుకోండి. ‘అప్పు’ అనే మాట ఒక్కటే మూడు సబ్జెక్టులకు సరిపోతుంది.

కొమేనియస్ అనే విద్యావేత్త 1658లో పిల్లల కోసం చేసిన బొమ్మల పుస్తకంలో 150 పాఠాలున్నాయి. మొదట్లో దేవుడు, ఆఖర్న కడవరి తీర్పు. మధ్యలో నిప్పు, గాలి, తేనెటీగలు, రొట్టె చేయడం, బట్టలు కుట్టడం. ఆయన బిషప్, అయినా దర్జీని వదల్లేదు. టర్ము ప్లాన్ వేసుకునే రోజు ఆ విషయసూచికను ఒకసారి తలుచుకోండి, ఏ పాఠమూ చిన్నగా కనిపించదు.

పని చేస్తోందో లేదో చూడాలంటే వాక్యాలు లెక్కపెట్టకండి, ప్రశ్నలు లెక్కపెట్టండి. టర్ము మొదట్లో ‘ఇది పరీక్షకు వస్తుందా?’ అని అడిగేవాళ్లు, చివరికొచ్చేసరికి ఇంకేదైనా అడుగుతున్నారా అన్నదే చూడండి.

నా లెసన్ ప్లాన్ అడుగున గడి ఇప్పటికీ ఉంది. ‘వాక్యం’ అన్న మాట కొట్టేసి ‘ఈ పాఠంలో ఎవరైనా లేచి ఏమడుగుతారు?’ అని రాసుకున్నాను. చాలా వారాలు అది ఖాళీగానే ఉంటుంది. పోయిన టర్ములో ప్రిన్సిపాల్ గారు ఆ ఖాళీల మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పంపారు. గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పడానికి ఆయన్ని వృత్తాల పాఠానికి రమ్మన్నాను. వచ్చే మంగళవారం మూడో పీరియడ్.